గరగ ముందు చెప్పిన ఊరు

అప్పాయమ్మది ఏ ఊరు?

ఈ ప్రశ్న నా చెవిన పడేనాటికి నాకు నలభై దాటాయి. ఇప్పుడు డెబ్బై దాటాయి. దేశాల గురించి, జాతుల గురించి, ఏ మతం ఏ ఓడెక్కి ఏ రేవులో దిగిందో దాని గురించి ఈమధ్య కాలంలో చాలానే చదివాను. అంత చదివినా, రోజూ మా గుమ్మంలో చేపల తట్ట దించిన ఆ ఒక్క మనిషి ఊరేదో ఇప్పటికీ చెప్పలేను.

ఉప్పాడ పక్కన గంగాలపేట బడిలో నేను సోషల్ చెప్పేవాణ్ణి. కాపురం నేతవాళ్ళ వీధిలో. అప్పాయమ్మ పొద్దున్నే తట్టతో మా వీధికొచ్చేది. పొట్టి మనిషి. గుండ్రటి ముఖం, ఎత్తయిన చెక్కిళ్ళు, నవ్వితే సన్నని గీతలైపోయే కళ్ళు. తక్కిన బెస్త ఆడవాళ్ళలా కేకలు వేసేది కాదు. తట్ట దించి ఊరికే నిలబడేది. మగ్గం చప్పుడులో కూడా లోపలివాళ్ళకి ఎలా తెలిసేదో, గిన్నెలు పట్టుకుని బయటికి వచ్చేవాళ్ళు. ఊరంతటికీ ఆమె బర్మా అప్పాయమ్మ.

ఆమె తండ్రిది గంగాలపేటకి మైలు దూరంలో ఉండే ఓడలపేట. కుర్రతనంలోనే రంగం, అదే రంగూను, వెళ్ళాడు. అక్కణ్ణించి ఇంకా దిగువకి మోల్మేను అనే ఊరు చేరి, కర్రకోత మిల్లులో దుంగలు మోశాడు. అక్కడి ఆవిణ్ణే పెళ్ళి చేసుకున్నాడు. అరవైల్లో బర్మా ప్రభుత్వం మనవాళ్ళని వెనక్కి పంపేసినప్పుడు తండ్రీ కూతురూ ఓడెక్కారు. తల్లి ఎక్కలేదు. ఆవిడ బర్మా మనిషి. ఆవిణ్ణి అక్కడ పొమ్మన్నవాళ్ళు లేరు, ఇక్కడ రమ్మన్నవాళ్ళూ లేరు. పైగా చంకలో పాలుమరవని పిల్లాడు. "ముందు మీరెళ్ళండి" అందట. రేవులో కూతురి పమిట కొంగుకి బొటనవేలంత తెల్లరాతి బుద్ధుణ్ణి ముడేసి పంపింది.

"అక్కడ మమ్మల్ని కోరంగోళ్ళు అనేవోరండి," అని అప్పాయమ్మ ఒకసారి మా అరుగు మీద కూర్చుని చెప్పింది. "ఎనకటికి మన కోరంగి రేవు నుంచి ఓడల మీద ఎల్లేరు కదండీ, అందుకని తెలుగోళ్ళంతా కోరంగోళ్ళే. బళ్ళో పిల్లలు కోరంగిదానా అని జడ లాగేవోరు. తీరా ఇక్కడికొచ్చేక బర్మాదాన్ని అయిపోయేను. ఓడ మీద ఉన్న ఆ కాసిని రోజులేనండి, నన్నెవురూ ఏమీ అనంది."

చెప్పి తనే నవ్వింది.

ఆమెను చేసుకున్నవాడు గంగాలపేట సూరాడ లోవరాజు. నల్లగా, పొడుగ్గా ఉండేవాడు. మాట కరుకు. అప్పాయమ్మ చిన్న రొయ్యలూ ఉప్పూ కలిపి దంచి, కుండలో మాగబెట్టి, బర్మావాళ్ళు తినే ముద్ద ఒకటి చేసేది. ఆ వాసనకి వీధి వీధంతా ముక్కు మూసుకునేది. లోవరాజు అక్క రత్తమ్మ ఇల్లు పక్కనే. ఆవిడ నోటికి అడ్డు లేదు.

"ఏమే మరదలా, ఆ కుండ మూత తీసేవంటే చచ్చిన పిల్లి లేచి పారిపోద్దే!" అనేది.

"పిల్లి సంగతేమో గానొదినా, నీ తమ్ముడు మాత్రం పారిపోలేదు," అనేది అప్పాయమ్మ.

నిజమే. లోవరాజు ఆ ముద్ద లేందే వేటకి అన్నం కట్టించుకునేవాడు కాదు. నూకాలమ్మ పటం పక్కన చెక్క కొట్టి ఆ తెల్లరాతి బొమ్మని పెట్టింది కూడా అతనే. ఎవరైనా అడిగితే "మా అత్తోరి దేవుడు" అనేవాడు. వాళ్ళకి పిల్లలు లేరు.

తొంభై ఆరు తుపానులో లోవరాజు వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. మిగతావాళ్ళవి ఒకటో రెండో శవాలు కొట్టుకొచ్చాయి. అతనిది రాలేదు. ఆ తుపానులోనే సముద్రం ఓడలపేటనీ మింగేసింది. ఇళ్ళతో పాటు ఊరి పోలమ్మ గుడి కూడా పోయింది. అక్కడివాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు.

గంగాలపేటలో ఒక ఆనవాయితీ ఉంది. శవం దొరకని మనిషికి చితీ లేదు, సమాధీ లేదు. మరుసటి చైత్రంలో నూకాలమ్మ జాతర జరుగుతుంది. అమ్మవారి గరగని, అంటే ఆవిడ రూపు దిద్దిన కుండని, నెత్తిన పెట్టుకుని డప్పులతో ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి గుమ్మంలోనూ ఆ ఇంటి ఇల్లాలు గరగ ఎత్తినవాడి పాదాల మీద పసుపునీళ్ళు పోయాలి. పోసేముందు అమ్మవారి పాటలు పాడే ఆసాది, "ఏ ఊరి ఆడపడుచువే?" అని అడుగుతాడు. ఆమె పుట్టినూరు, అంటే తండ్రి ఊరు, చెబుతుంది. ఆ ఊరి అమ్మవారి పేరెత్తి, ఈ ఊరి అమ్మా ఆ ఊరి అమ్మా అక్కచెల్లెళ్ళని పాడతాడు. అప్పుడే నీళ్ళు చెల్లినట్టు. ఆ ఏడాది ఆ ఇంట్లో సముద్రంలో పోయినవాడు ఉంటే, నీళ్ళు చెల్లాక అతని పేరు మూడుసార్లు పిలుస్తారు. దాంతో అతను ఒడ్డుకు చేరి ఊరి పెద్దల్లో కలిసినట్టు లెక్క. అంతవరకూ నీళ్ళలో తిరుగుతూనే ఉంటాడని నమ్మకం.

"కల్లోకొచ్చి మంచినీళ్ళు అడుగుతున్నాడండి," అంది అప్పాయమ్మ ఆ చలికాలంలో. "చుట్టూ నీళ్ళే. తాగడానికి చుక్క లేవంటాడు. చైత్రం దాకా ఆగయ్యా అంటున్నాను."

జాతర దగ్గర పడింది. కులపెద్ద బుల్లబ్బాయి వలలు బాగుచేసే పాక దగ్గర అందర్నీ కూర్చోబెట్టి ఒక కట్టడి చెప్పాడు. గుడి మునిగిన ఊరి పేరు గరగ ముందు పలకకూడదు. పలికితే ఆ నీళ్ళు ఈ ఊరి మీదికీ వస్తాయి. పోలమ్మని మళ్ళీ ఎక్కడన్నా నిలబెట్టేదాకా ఓడలపేట ఆడపడుచులు తమ తల్లుల పుట్టినూరు చెప్పుకోవాలి. అందరికీ సబబుగానే తోచింది. ఓడలపేట నుంచి వచ్చిన కోడళ్ళలో ఒకామె తల్లిది కోనపాపపేట, ఇంకొకామె తల్లిది పెరుమాళ్ళపురం. అప్పాయమ్మ సంగతి ఆ పాకలో ఎవరికీ తట్టలేదు. ముప్పై ఏళ్ళుగా ఆమె గరగ ముందు చెప్పింది ఓడలపేట పేరే మరి.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం బడికి వచ్చింది. తట్ట గుమ్మం బయటే పెట్టి, కాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చింది. గోడకి భారతదేశం పటం ఉంది.

"మాస్టారండీ, ఇందులో మోల్మేను ఎక్కడండీ?"

నేను లేచి చూపించబోయాను. బంగాళాఖాతానికి అవతల, ఆ ఊరు ఉండాల్సిన చోట, ఒక గళ్ళ పెట్టె గీసి దాన్లో సెంటీమీటరుకి ఇన్ని కిలోమీటర్లని అచ్చేశారు.

ఆమె దగ్గరికొచ్చి చూసింది. "మా ఊరి మీద స్కేలు పెట్టేరేంటండీ?" అంది.

"ఇది మన దేశం పటమమ్మా. అక్కడ ఖాళీ ఉందని పెట్టుకున్నారు."

"ఖాళీ ఏంటండీ, ఎంత పెద్ద బజారో!" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "పటంలో ఏలెట్టి చూపించమని కాదండి. ఊరుందా అని. మా ఓడలపేటలాగ అదీ పోయిందేమో, మునిగిన ఊరు చెప్పకూడదంట కదండీ. తెలుసుకుని చెబుదామని."

బీరువాలోంచి అట్లాసు తీశాను. ఊరు ఉంది. కాకపోతే పేరు కొత్తగా మరోలా రాసి ఉంది. చదివి వినిపించాను. పెదాలు కదుపుతూ రెండుసార్లు అనుకుంది.

"మాయమ్మ అలాగే అనేదండి. మోల్మేను అన్నది మానాన్న." కాసేపు ఆ పేజీ వంకే చూసింది. "ఉందన్నమాట. చాలండి."

జాతర నాడు బడికి సెలవు. ఎండ చల్లబడే వేళకి గరగ ఆమె వీధిలోకి వచ్చింది. నేను రత్తమ్మ అరుగు మీద నిలబడ్డాను. అప్పాయమ్మ ముగ్గేసి, వేపమండలేసిన బిందెతో గుమ్మంలో ఉంది. రత్తమ్మ అప్పటికే కళ్ళొత్తుకుంటోంది. తమ్ముడి పేరు పిలిచే ఘడియ కదా.

డప్పులు ఆగాయి. ఆసాది సింహాద్రి ముసలివాడు. ఆమెను చూసి ఆప్యాయంగానే పాటెత్తాడు.

"ఏ ఊరి ఆడపడుచువే, తల్లీ?"

"మోల్మేనండి."

సింహాద్రికి అర్థం కాలేదు. "ఎక్కడే?"

"మోల్మేను. బర్మాలో. మాయమ్మ పుట్టినూరు."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. సింహాద్రి బుల్లబ్బాయి వైపు చూశాడు. పెద్ద చెప్పిన కట్టడినే ఆమె అక్షరాలా పాటించింది. ఆ సంగతి అప్పుడే తట్టినట్టు బుల్లబ్బాయి ముఖం చెప్పింది.

"ఆ ఊరి అమ్మ పేరేంటే?" అన్నాడు సింహాద్రి. పాటని నిలబెట్టాలనే అతని తాపత్రయం.

"అమ్మ లేదండి. అయ్యే. ఫయా అంటారు. కొండ మీదుంటాడు."

"అమ్మ లేని ఊరుంటదేంటి!" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ.

"క్రిస్టియన్లలో కలిసిందేమోరా," అన్నాడు ఒక కుర్రాడు.

"కాదు, బుద్ధుడంట. మనోడే అంట గదా, మాస్టారూ?" అన్నాడు ఇంకొకడు, నా వైపు తిరిగి.

"మనవాడే," అన్నాను. "ఇక్కడ తిరిగినవాడే."

"ఇక్కడోడైతే అక్కడికెందుకెల్లేడండీ?" అన్నాడు సింహాద్రి. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నేను చెప్పేది వినే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

గరగ ఎత్తినవాడి మెడ నరాలు పొంగాయి. బరువుతో ఎక్కువసేపు నిలబడలేడు. సింహాద్రి ఒకసారి పాటెత్తబోయి ఆగాడు. మళ్ళీ ఎత్తాడు. నూకాలమ్మకి అక్కో చెల్లో దొరకలేదు. అన్నకి పాటలో చోటు లేదు. "సముద్రం అవతలి పేరు నా నోట రాదు బాబూ," అన్నాడు చివరికి. బుల్లబ్బాయి చెయ్యి ఊపాడు. డప్పులు మోగాయి. గరగ పక్కింటికి కదిలింది.

అప్పాయమ్మ బిందె అలాగే పట్టుకుని ఉండిపోయింది. "నీళ్ళు పోయలేదండి," అంది, ఏదో పొరపాటు జరిగిందన్నట్టు. "ఆయన పేరు పిలవలేదండి." ఆ మాట డప్పుల్లో కలిసిపోయింది. పక్క గుమ్మంలో రత్తమ్మ నీళ్ళు పోస్తోంది. సగం నీళ్ళు పాదాల మీద పడకుండా బయటే ఒలికాయి.

మర్నాడు పాకలో మాట్లాడారు. నన్నూ పిలిచారు. బుల్లబ్బాయి చెడ్డవాడు కాదు. తలొంచుకుని కూర్చున్నాడు.

"నువ్వు తప్పు చెప్పేవని నేననట్లేదమ్మా. మేమే చూసుకోలేదు. కానీ ఆసాది నోట పలకని ఊరికి నేనేం చెయ్యగలను? వచ్చే జాతరకి సరిజేద్దాం. మీ అత్త, లోవరాజు తల్లి, కోనపాపపేట పిల్ల. ఆవిడే నీకు తల్లి అనుకో. ఆ ఊరు చెప్పు."

"అత్త తల్లెలాగ అవుద్దండీ?"

"అనుకుంటే అవుద్ది."

"మా అమ్మ ఉంది కదండీ," అంది అప్పాయమ్మ. ఉందో లేదో ఆమెకీ తెలియదని అందరికీ తెలుసు. ఇటొచ్చిన మొదట్లో తండ్రి ఉత్తరాలు రాయించేవాడట. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఆ ఏడాది ఆమె మా వీధికి వస్తూనే ఉంది. గంగాలపేటలో ఆమెను ఎవరూ వెలివేయలేదు. ఎదురుపడితే పలకరించేవాళ్ళు. సముద్రంలో మొగుడు పోయినవాళ్ళ పసుపుకి ఆ పేటలో పట్టింపు లేదు, కానీ పేరంటాల్లో ఆమె చేతి పసుపు మాత్రం తీసుకోవడం మానేశారు. గరగ ఆగని గుమ్మం కదా అని. "నా చేపలు తింటారండి, నా పసుపే వద్దంట," అంది ఒకసారి. నవ్వబోయింది గాని, ఆ కళ్ళు గీతలు కాలేదు.

ఒకరోజు బడిలో చదివే బుల్లబ్బాయి కొడుక్కి పుస్తకం ఏదో ఇవ్వడానికి వెళుతుంటే వదినా మరదళ్ళ మాటలు వీధిలోకే వినిపించాయి.

"నీకు మొగుడైతే నాకు తమ్ముడు కాడంటే?" అంటోంది రత్తమ్మ. "నా సంకనేసుకుని పెంచేను. ఆడక్కడ ఉప్పునీళ్ళలో తిరుగుతుంటే నీకు ముద్దెలాగ దిగుతుందే?"

"దిగట్లేదొదినా."

"మరి ఒక్క మాట! కోనపాపపేట అంటే నోరు పడిపోద్దా? మీ అమ్మ ఉందో పోయిందో తెలీదు. ఈడు పోయేడని తెలుసు. తెలిసినోడి కోసం తెలీనిదాన్ని ఒదులుకోవే!"

తర్వాత అప్పాయమ్మ గొంతు నెమ్మదిగా వినిపించింది.

"మాయమ్మని రేవులో ఒకసారి ఒదిలేసేను. ఓడ కదిలేదాకా చెయ్యూపుతానే ఉంది. మళ్ళీ ఒదలమంటున్నావా ఒదినా?"

రత్తమ్మ ఏడ్చేసింది. "నన్నేం చెయ్యమంటావే మరి, నన్నేం చెయ్యమంటావు," అంటూనే ఉంది. నేను వచ్చిన దారినే వెనక్కి నడిచాను.

మళ్ళీ చైత్రం వచ్చింది. ఈసారి నేను వెళ్ళకూడదనుకుని కూడా వెళ్ళాను. అదే గుమ్మం. ముగ్గు మాత్రం పోయినేటి కంటే పెద్దది. ఆమె తలంటుకుని, లోవరాజు కొన్న ఆఖరి చీరట, ఆకుపచ్చది, కట్టుకుంది. తలుపు తీసి ఉండటంతో లోపల పటాలు కనబడుతున్నాయి. నూకాలమ్మ పక్కన తెల్లరాతి బొమ్మ ఉండే చెక్క ఖాళీగా ఉంది.

డప్పులు ఆగాయి. సింహాద్రి గొంతు సవరించుకున్నాడు.

"ఏ ఊరి ఆడపడుచువే, తల్లీ?"

అప్పాయమ్మ గరగ వైపు చూడలేదు. ఇళ్ళ సందులోంచి కనబడే సముద్రం ముక్క వైపు చూసింది.

"కోనపాపపేట," అంది.

సింహాద్రి పాట ఒక్కసారిగా లేచింది. గంగాలపేట నూకాలమ్మా, కోనపాపపేట అమ్మా ఒక్క కడుపున పుట్టారన్నాడు, ఒక్క చీర పంచుకున్నారన్నాడు. డప్పులు ఊగాయి. అప్పాయమ్మ వంగి పసుపునీళ్ళు పోసింది. బిందె పూర్తిగా ఖాళీ అయ్యేదాకా పోసింది. అప్పుడు బుల్లబ్బాయి ముందుకొచ్చి, సముద్రం వైపు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని పిలిచాడు.

"సూరాడ లోవరాజూ! ... సూరాడ లోవరాజూ! ... ఒడ్డుకు రా, సూరాడ లోవరాజూ!"

రత్తమ్మ నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది. చుట్టూ ఆడవాళ్ళంతా ఏడ్చారు. అది బాధ దిగిపోయే ఏడుపు. ఏడ్చినవాళ్ళే ఒకరొకరుగా వచ్చి అప్పాయమ్మ చేత పసుపు బొట్టు పెట్టించుకున్నారు. ఆమె అందరికీ పెట్టింది. కన్ను మాత్రం తడవలేదు. "నా తల్లే, నా బంగారమే," అని రత్తమ్మ ఆమె గడ్డం పట్టుకుంది. ఆ సాయంత్రం అందరి మధ్యా కూర్చుని అన్నం తింది. చాలా రోజులకి కడుపునిండా తిన్నదని రత్తమ్మే నాతో సంబరంగా చెప్పింది.

"కల్లోకి రాలేదు మాస్టారూ," అంది అప్పాయమ్మ మర్నాడు మా గుమ్మంలో తట్ట దించి. "నిద్దర పట్టేసింది. నీళ్ళు అందేయి."

"మంచిదమ్మా."

"ఆయ్," అంది. ఇంకేదో చెబుతుందేమోనని చూశాను. సావడా చేపలు తూచి ఇచ్చి, తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

తర్వాత వారంలో కాకినాడలో పనుండి ఉప్పాడ సెంటర్లో బస్సు కోసం నిలబడ్డాను. ఎదటి వైపు తుని వెళ్ళే బస్సు ఆగి ఉంది. దాని పక్కన అప్పాయమ్మ కనబడింది. నెత్తిన తట్ట లేదు. చేతిలో ఒక గుడ్డసంచి ఉంది. ఏదో చుట్టపుచూపనుకుని, "ఎక్కడికమ్మా ప్రయాణం?" అని రోడ్డుకు ఇవతల నుంచే కేక వేశాను.

వినబడింది. తలెత్తి నా వైపు చూసింది కూడా. ఏ ఊరని అడిగినవాడి వైపు ఎంతసేపు చూడాలో అంతసేపు చూసింది. కండక్టరు విజిలేశాడు. ఆమె సంచి ముందు లోపల పెట్టి, ఊచ పట్టుకుని మెట్టెక్కింది. అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుందేమో, నాకు మళ్ళీ కనబడలేదు. బస్సు బీచిరోడ్డు మీదుగా కోనపాపపేట వైపు కదిలి, ఆ ఊళ్ళో ఆగకుండానే వెళ్ళిపోయిందని తర్వాత ఎవరో చెప్పారు.

అప్పాయమ్మ మళ్ళీ గంగాలపేట రాలేదు. ఆ రోజు బస్సెక్కిన సంగతి రత్తమ్మకి తెలిసింది నేను సాయంత్రం వెళ్ళి చెప్పినప్పుడే.